మట్టం మేస్త్రి మోకాలు

పెదనాన్న పొద్దున లేవగానే మంచం పక్కనున్న నేలని కొట్టి చూస్తాడు. వంగగలిగిన రోజుల్లో వేలి కణుపుతో కొట్టేవాడు, తర్వాత కర్ర చివరతో. నాలుగు టైళ్లు, నాలుగు దెబ్బలు. టంగుమని గట్టిగా పలికితే తృప్తిగా తలాడిస్తాడు. డబ్బుమంటే కింద సిమెంటు ముద్ద సరిగ్గా పట్టలేదని, లోపల డొల్లని అర్థం. ఆ నేల ఆయనే వేసింది, ఇరవై ఏడేళ్ల కిందట. ఇన్నేళ్లలో ఒక్క టైలూ డొల్ల పలకలేదు. అయినా రోజూ కొడతాడు.

"ఏవండీ, నేల రాత్రికి రాత్రి ఎక్కడికీ పోలేదు గానీ లేచి పళ్లు తోముకోండి," అంటుంది పెద్దమ్మ వంటింట్లోంచి.

"నువ్వు పాలు పొంగాయో లేదో చూసుకోవూ? ఇదీ అంతే," అంటాడాయన.

పనిలో ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అంటారు. నేల చదునుగా ఉందో లేదో చూసే రసమట్టం లేకుండా చెప్పుల దుకాణానికి కూడా వెళ్లడని వెక్కిరింపు. నలభై ఏళ్లు టైళ్లు పరిచాడు. టైల్స్ పనంటే మోకాళ్ల మీద పని. పొద్దున మోకాళ్ల మీదకి దిగితే మధ్యాహ్నం భోజనానికి లేవడమే. మోకాలికి కట్టుకునే మెత్తలు దొరుకుతాయని తెలిసినా ఏనాడూ కట్టుకోలేదు. "మోకాలికి దిండు కట్టుకుంటే నేల ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?" అనేవాడు. ఆయన కూతురు, అంటే మా అక్క, పంతొమ్మిదో ఏట ఆ పనిలోకే దిగినప్పుడు మాత్రం తనే స్వయంగా మెత్తలు కొనుక్కొచ్చి కట్టాడు.

అరవై రెండో ఏడు వచ్చేసరికి ఎడమ మోకాలు ముందు మొరాయించింది. మెట్లెక్కితే కరకరమని చప్పుడు. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఎక్స్‌రే చూసిన పెద్ద డాక్టరుగారు రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు చూపించబోయి, "చూపిద్దామంటే సందే లేదు మేస్త్రిగారూ," అన్నారు. కీలు మార్చాల్సిందే.

పెదనాన్న చొక్కా చేతులు మడిచి, "రేపే చేసెయ్యండి," అన్నాడు.

"రేపు కాదు, నాలుగు నెలల తర్వాత రండి. అప్పటికి చక్కెర అదుపులోకి రావాలి, లేకపోతే గాయం మానదు. ఎనిమిది కిలోలు తగ్గాలి. సిగరెట్టు మానాలి. తొడ కండ బలపడాలి. గోడ పెచ్చులూడుతుంటే దానిమీద టైలు నిలుస్తుందా?"

ఈ చివరి మాటతో డాక్టరుగారు పెదనాన్నని కొనేసుకున్నారు. బయటికి వచ్చి ఆటో ఎక్కుతూ, "ఆయన పని తెలిసినవాడే," అన్నాడు. పెదనాన్న ఇంకొకరి గురించి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు చెప్పగా నేను వినలేదు.

ఆ నాలుగు నెలలు మా ఇల్లు ఇల్లులా లేదు, పరీక్షలకి చదివే హాస్టల్లా ఉండేది. సిగరెట్టు మానేసిన మొదటి వారం పెదనాన్న టైళ్లమీద గుర్తులు పెట్టే పెన్సిలు నోట్లో పెట్టుకుని తిరిగాడు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాపి, పదిదాకా లెక్కపెట్టి దించేవాడు. పూటకి ముప్పై సార్లు. పెద్దమ్మ ఆయన పళ్లెంలోకి తొంగి తొంగి చూసేది. "నీ పళ్లెం కాదు నాన్నా, అమ్మ కళ్లు చూసి తినాలి నువ్వు," అనేది అక్క. నాలుగు నెలలకి ఎనిమిది కిలోల చోట తొమ్మిది తగ్గాడు. చక్కెర దిగింది. డాక్టరుగారు మోకాలు వంచి కొలిచి, నూట అయిదు డిగ్రీలు వంగుతోందన్నారు. ఆపరేషనుకి ముందు ఎంత బాగా వంగితే తర్వాత కూడా అంత బాగా వంగే అవకాశం ఉంటుందట. తర్వాత బల్లమీద ప్లాస్టిక్ ఎముకలు పెట్టి, అరిగిపోయిన అంచులు కోసేసి లోహపు తొడుగులు ఎలా కూర్చోబెడతారో చూపించారు.

పెదనాన్న ఆ తొడుగుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఎముకకి ఎలా అంటుకుంటుందండీ?"

"మీరు చేసేట్టే. ఒక ముద్ద కలిపి, పూసి, అదిమి పెడతాం. పావుగంటలో గట్టిపడుతుంది."

పెదనాన్న మర్యాదగా తలాడించాడు. ఆ తలాడింపు వెనక ఏముందో మాకెవరికీ తెలియలేదు.

ఆపరేషను చక్కగా జరిగింది. మర్నాడే నడక బండి పట్టుకుని నాలుగడుగులు వేయించారు. ఆసుపత్రి వదిలే నాటికి మోకాలు డెబ్భై డిగ్రీలు వంగుతోంది. ఇక ఇంటి దగ్గర రోజుకి నాలుగుసార్లు వ్యాయామాలు, రెండ్రోజులకోసారి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూస్తుంది. అక్కకి అప్పుడే పిల్లల బడి ఒకదాంట్లో హాలు నేల పని వచ్చింది, ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని. పరీక్షలకి చదువుకుంటూ పగలంతా ఇంట్లో ఉండేది నేను గనక వ్యాయామాల లెక్క నాకు అప్పజెప్పారు.

మొదటిరోజు పుస్తకం, పెన్సిలు పట్టుకుని వెళ్లాను.

"నేను పొద్దున్నే చేసేశాలే పాపా. నువ్వెళ్లి చదువుకో," అన్నాడు పెదనాన్న.

రెండోరోజూ అదే మాట. మూడోరోజు నేను వెళ్లనేలేదు, నా గదిలో చదువుకుంటూ ఉండిపోయాను. అది నా తప్పే. ఫిజియో అమ్మాయి ఫోను చేస్తే, "మీరెందుకమ్మా ఎండలో రావడం, అంతా బ్రహ్మాండంగా ఉంది, కుట్లు తీశాక వద్దురుగాని," అని ఆయనే చెప్పేశాడు. పెద్దమ్మ ప్రేమకొద్దీ మోకాలి కింద రెండు దిళ్లు పెట్టింది. కాలు ఆ దిళ్లమీద, గుళ్లో విగ్రహంలా, కదలకుండా ఉండేది. చూడటానికి వచ్చినవాళ్లందరికీ పెదనాన్న నవ్వుతూ, "నొప్పా? అస్సలు లేదు," అనేవాడు. కదిలిస్తే కదా ఉండేది.

పద్నాలుగో రోజు కుట్లు తీయించుకోవడానికి వెళ్లాం. గాయం ముత్యంలా మానింది. డాక్టరుగారు సంతోషంగా కాలు వంచబోయారు. వంగలేదు. మళ్లీ ప్రయత్నించారు. ఆయన ముఖంలో నవ్వు మెల్లిగా దిగిపోయింది. డిగ్రీలు కొలిచే పొడుగాటి ప్లాస్టిక్ కొలబద్ద తెప్పించి మోకాలి పక్కన పెట్టారు.

"నలభై ఎనిమిది," అన్నారు. "ఇక్కణ్నించి వెళ్లేటప్పుడు డెబ్భై. ముందుకి కూడా పూర్తిగా చాచలేకపోతున్నారు. మేస్త్రిగారూ, మీరు వ్యాయామం చేస్తున్నారా?"

పెదనాన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నిజం చెప్పండి."

"డాక్టరుగారూ," అన్నాడు పెదనాన్న, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా కాకుండా, తోటి పనివాడికి పని రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి. "కొత్తగా వేసిన నేల మీద ఎవర్నైనా నడవనిస్తామా? ఒక్కరోజు ఆగలేక ఇంటివాళ్లు తొక్కేసిన నేలలు నేనెన్ని చూశానో. పైకి బాగానే ఉంటాయి, ఏడాదికి డొల్ల పలుకుతాయి. మీరు పావుగంటన్నారు. పావుగంటలో ఆరే ముద్ద నలభై ఏళ్లలో నేను చూళ్లేదు. మీరేదో ధైర్యానికి చెప్పారనుకుని, పోనీ ఇరవై ఒక్క రోజులు కదపకుండా ఉంచితే మీ పనికి మాట రాదని..."

పెద్దమ్మ చేత్తో నుదురు కొట్టుకుంది. "నాతో ఒక్క ముక్కైనా అనలేదేం? నేనింకా దిళ్లు సర్ది సర్ది చచ్చానే!"

డాక్టరుగారు కోప్పడాలో నవ్వాలో తెలియక కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"మేస్త్రిగారూ, నా ముద్ద మీరు బల్లమీద ఉండగానే రాయిలా బిగిసింది. దానికి మీరు గెంతినా ఏమీ కాదు. ఇప్పుడు గట్టిపడుతున్నది వేరే. ఆపరేషనుకి కోసిన చోటల్లా లోపల కొత్త పొర పుడుతుంది. కాలు కదులుతూ ఉంటే అది మెత్తగా సాగుతుంది. కదపకపోతే కీలు చుట్టూ అల్లుకుని బిగిసిపోతుంది."

పెదనాన్న తన మోకాలు తడిమి చూసుకున్నాడు.

"అంటే... గ్రౌటా?"

"ఏమిటి?"

"టైళ్ల సందుల్లో నింపుతామే, ఆ గ్రౌటు! పైన ఒలికింది తడిగా ఉన్నప్పుడు తుడిస్తే స్పంజి చాలు. ఆరనిచ్చామా, ఉలి పెట్టి చెక్కాలి. నేను... నేను రెండు వారాలు ఆరబెట్టుకున్నానా!"

"అదే! సరిగ్గా అదే!" డాక్టరుగారు బల్ల చరిచారు. "ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆరో వారం చివర సోమవారం రండి. తొంభై డిగ్రీలు వంగితే సరే. వంగకపోతే మళ్లీ మత్తిచ్చి నేనే బలవంతంగా వంచాలి. అది మీకూ ఇష్టం ఉండదు, నాకూ ఉండదు. తొంభై లేకపోతే మెట్లు సరిగ్గా ఎక్కలేరు, ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేవలేరు."

పెదనాన్న నడక బండి పట్టుకుని అప్పటికే లేచి నిలబడ్డాడు. "పదండి, పదండి," అన్నాడు మాతో, ఎక్కడో నిప్పంటుకున్నట్టు. ఆటోలో అడ్డంగా కూర్చుని ఇంటిదాకా కాలు ఆడిస్తూనే ఉన్నాడు. ఎదురు సీటుకి తగిలి "అమ్మా" అన్నాడు. అని మళ్లీ ఆడించాడు.

ఆ సాయంత్రమే ఫిజియో అమ్మాయి వచ్చింది. సన్నగా, పొట్టిగా, భుజాన పెద్ద సంచీతో. మెత్తగా మాట్లాడుతుంది గానీ ఆమె దగ్గర దయ అనేది పది లెక్కపెట్టాక కూడా ఉండదు. పది అవగానే, "ఇంకొక్కటి," అంటుంది. అదయ్యాక మళ్లీ, "ఇంకొక్కటి." రెండోరోజుకే పెదనాన్న ఆమెకి ఇంకొక్కటమ్మ అని పేరు పెట్టేశాడు. ఆమెకీ తెలుసు. తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ, "ఇంకొక్కటమ్మ వచ్చింది మేస్త్రిగారూ!" అని తనే కేకేసేది.

మొదట ఆమె రెండు దిళ్లూ తీసి పెద్దమ్మ చేతిలో పెట్టింది. "ఇవి తల కిందకే. మోకాలి కింద ఎప్పుడూ వద్దు." తర్వాత గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే గోనెపట్టా, వరండాలో చాప తీయించింది, కాలు తట్టుకోకుండా. తర్వాత మాత్రల డబ్బా చూసింది. నిండుగా ఉంది.

"నొప్పి మాత్రలు వేసుకోవట్లేదేం?"

"నేను ఓర్చుకోగలనమ్మా," అన్నాడు పెదనాన్న గర్వంగా.

"ఓర్చుకోవడం మీ పని కాదు, వంచడం మీ పని. అరగంట ముందు మాత్ర, తర్వాత వ్యాయామం, తర్వాత ఐసు."

కుర్చీలో కూర్చోబెట్టి, మేజోడు తొడిగిన పాదాన్ని నేలమీద వెనక్కి జరపమంది. పాదం నూనె రాసినట్టు జారిపోయింది. ఆమె ఆశ్చర్యంగా వంగి నేలని అరచేత్తో తడిమింది.

"ఎక్కడా అంచు తగలట్లేదే! వేరే ఇళ్లలో ప్రతి టైలు దగ్గరా మడమ ఆగిపోతుంది. ఈ నేల ఎవరు వేశారు?"

ఆ మాటతో పెదనాన్నకి పది డిగ్రీలు అదనంగా వంగిందని నా నమ్మకం.

ఇక మొదలైంది పరుగు. మడమ ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి సాయంత్రం నేలమీద పెన్సిలు గీత గీసి, పక్కన తేదీ వేసేవాణ్ని అని పెదనాన్న అందరికీ చెబుతాడు గానీ, గీసింది నేను. ఈసారి ఒక్క పూట కూడా లెక్క వదల్లేదు. మొదటి గీతకీ రెండో గీతకీ మధ్య వేలెడు దూరం. రెండోదానికీ మూడోదానికీ బియ్యపు గింజంత. నాలుగో రోజు పెదనాన్న తన పనిముట్ల సంచిలోంచి మూలమట్టం తెప్పించాడు. గోడ మూలలు సరిగ్గా కలిశాయో లేదో చూసే ఇనుప పనిముట్టు అది, ఎప్పటికీ తొంభై డిగ్రీలే. దాని ఒక అంచు తొడ కిందకి, రెండో అంచు పిక్క పక్కకి పెట్టాడు. పిక్కకీ ఇనుముకీ మధ్య జానెడు ఖాళీ.

"ఇది పూడాలి," అన్నాడు. "నలభై ఏళ్లు గోడల్ని దీనికి సరిచేశాను. ఇప్పుడు నా వంతు."

మూడో వారం చివరికి జానెడు కాస్తా బెత్తెడయింది. అరవై నాలుగు డిగ్రీలు. డెబ్భై ఒకటి. డెబ్భై ఎనిమిది! అక్క పని నుంచి వస్తూ గుమ్మంలోంచే, "ఎంత?" అని అరిచేది. సిమెంటు కాళ్లతోనే లోపలికి వచ్చేసేది. పెద్దమ్మ తిట్టడం కూడా మరిచిపోయి, "నాలుగు వేళ్లు! నాలుగు వేళ్లే ఉంది!" అనేది. పక్కింటివాళ్లు మా ఇంట్లో ఏదో ఆట చూస్తున్నామనుకున్నారు.

నాలుగో వారంలో అది అక్కడే ఆగిపోయింది. డెబ్భై ఎనిమిది. మర్నాడు డెబ్భై ఎనిమిది. ఆ మర్నాడు డెబ్భై నాలుగు! మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది.

ఇంకొక్కటమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది. "రోజుకి ఎన్ని చేస్తున్నారు?"

"నేను లెక్కపెట్టినవి నూట ఇరవై," అన్నాను.

"లెక్కపెట్టనివి?"

పెదనాన్న కిటికీలోంచి చెట్టు చూస్తున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు, దొంగచాటుగా ఇంకో మూడు వందలు.

"మొదట అసలు చేయకుండా, ఇప్పుడు ఆగకుండా! మధ్యలో ఏదీ రాదా మీకు? వాపు వస్తే నీళ్లు నిండిన తిత్తిలా అవుతుంది. తిత్తి వంగుతుందా? రెండ్రోజులు ఐసు, సగమే వ్యాయామం."

ఆ రెండ్రోజులూ ఆయన మొహం చూడలేకపోయాం. రెండోరోజు మధ్యాహ్నం ఇంకొక్కటమ్మని మెల్లిగా అడిగాడు. "తొంభై దాటితే మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని పనిచేస్తానా అమ్మా?"

ఆమె సంచీ సర్దడం ఆపింది. "అబద్ధం చెప్పను మేస్త్రిగారూ. కొంతమంది మోకరిల్లగలరు, చాలామందికి అది బాధగానే ఉంటుంది. గంటలకొద్దీ దానిమీద పనిచేయడం వద్దు, కొత్త కీలు తొందరగా అరిగిపోతుంది. ఇది నడవడానికి, మెట్లెక్కడానికి, కూర్చుని లేవడానికి. ఆ మూడింటికీ ఆశపడండి."

ఆ సాయంత్రం అక్క మోకాలి మెత్తలు విప్పుకుంటుంటే పెదనాన్న పిలిచి, "టైళ్లు కోసే పనికి ఎత్తు బల్ల ఉంటే కూర్చుని చేయొచ్చు కదే?" అన్నాడు.

"చేయొచ్చు నాన్నా. హాలు మధ్యలో టైలు ముక్కలతో గుండ్రటి ముగ్గు వేయాలి. నూట అరవై ముక్కలు, అన్నీ వంపు తిరిగినవే. నా కోత నీ కోత అంత నున్నగా రావట్లేదు. కానీ అది రెండో అంతస్తు, ముప్పై ఆరు మెట్లు."

"ముప్పై ఆరా!" అని లేచి కూర్చున్నాడు. కళ్లలో మళ్లీ వెలుగు. "ఇంకొక్కటమ్మ రేపు ఎన్నింటికి వస్తుంది?"

వాపు దిగింది. ఎనభై. ఎనభై మూడు. బెత్తెడు రెండు వేళ్లయింది. ఆరో వారం చివరి ఆదివారం పొద్దున మూలమట్టం పెడితే పిక్కకీ ఇనుముకీ మధ్య ఒక్క వేలు. సోమవారం పొద్దున కూడా ఒక్క వేలే! పొద్దున కీలు బిగుతుగా ఉంటుందని తెలిసినా పెద్దమ్మ, అక్కడే ఉంచేస్తారేమోనని, ఆసుపత్రి సంచీలో మార్చుకునే బట్టలు కూడా పెట్టేసింది.

ఆసుపత్రిలో పెదనాన్న పరీక్ష బల్లమీద పడుకున్నాడు. అక్క, ఇంకొక్కటమ్మ కూడా వచ్చారు. డాక్టరుగారు కాలు వంచుతుంటే పెదనాన్న పళ్లు బిగించి, బల్ల అంచు పట్టుకుని, ఊపిరి ఆపేశాడు. తొడ కండ తాడులా లేచింది.

"ఎనభై ఆరు."

"మళ్లీ చూడండి."

"ఎనభై ఆరే మేస్త్రిగారూ."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. డాక్టరుగారు కుర్చీ చూపించి, "కూర్చోండి, మత్తిచ్చి వంచడానికి తేదీ మాట్లాడుకుందాం," అన్నారు. కాగితం తీసి, రాయబోతూ, ఆయన్ని మాటల్లో పెట్టడానికేమో, "ఈలోపు నాకో సలహా చెప్పండి. మా స్నానాలగదిలో నీళ్లు తూము వైపు పోవట్లేదు. మూలన నిలిచిపోతున్నాయి. టైళ్లన్నీ పీకించాలంటున్నారు," అన్నారు.

"పీకించడమా! ఎవడన్నాడు?" పెదనాన్న కుర్చీ అంచుకి వచ్చాడు. "తూము ఏ గోడ పక్క?"

"తలుపు ఎదురు గోడ."

"నీళ్లు నిలిచే మూల?"

"దానికి ఇటు పక్క."

"అయితే మూడు టైళ్లే! చూడండి, ఇదిగో ఇది తలుపనుకోండి..." పెదనాన్న ముందుకి వంగాడు. ఎడం కాలు కుర్చీ కిందకి లాక్కుని, చూపుడువేలితో నేలమీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. "వాలు ఇటు ఉండాలి, వాడు అటు పెట్టాడు. ఈ వరసలో మూడు తీసి, కింద ముద్ద గీకి..."

ఇంకొక్కటమ్మ చప్పుడు చేయకుండా మోకాళ్ల మీద కూర్చుంది. కొలబద్ద తీసి ఆయన మోకాలి పక్కన పెట్టింది. డాక్టరుగారి కలం ఆగింది. అక్క నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

"...అర అంగుళం వాలు చాలు, నీళ్లు పరిగెత్తుతాయి. ఏమిటమ్మా, అక్కడేం చేస్తున్నావు?"

"కదలకండి," అంది ఇంకొక్కటమ్మ. "తొంభై నాలుగు."

"ఎంత?"

"తొంభై నాలుగు! మీరు వంచలేదు, అదే వంగింది. బల్లమీద భయంతో కండ బిగబట్టారు. అందుకే రాలేదు."

పెదనాన్న తన కాలి వైపు చూసుకున్నాడు, అది వేరేవాళ్లదేమో అన్నట్టు. డాక్టరుగారు చేతిలోని కాగితాన్ని సగానికి చింపారు. పెద్దమ్మ ఏడుస్తూ నవ్వుతూ, "ఇదేదో ముందే స్నానాలగది గురించి అడగొచ్చు కదండీ!" అంది. పెదనాన్న మాత్రం గొంతు సవరించుకుని, "ఇంకొక్కటి," అన్నాడు.

తొంభై ఏడు వచ్చింది.

తర్వాతి సోమవారం ముప్పై ఆరు మెట్లూ ఎక్కాడు. పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెడుతూ. నూట అరవై ముక్కలూ తనే కోశాడు. పరిచింది అక్క.

పెదనాన్నకి ఇప్పుడు అరవై నాలుగు. ఎడమ మోకాలు నూట పద్దెనిమిది డిగ్రీలు వంగుతుంది. మోకాళ్ల మీద కూర్చోడు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా ఎత్తు బల్ల దగ్గర కూర్చుని టైళ్లు కోస్తాడు. కుడి మోకాలి ఆపరేషను వచ్చే నెల పన్నెండో తారీఖున.